టెర్మినల్ చేత తెలుగు చదివించడం: ఎక్కడ తడబడుతుంది, ఎందుకు

కంప్యూటర్ చేత తెలుగు పలికించడం ఒక్క వరుస పని. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్‌లో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఈస్పీక్-ఎన్‌జీ’ అని, రాతను మాటగా మార్చే ఆ ప్యాకేజీని (ఇలాంటివాటినే ఇంజన్లు అంటాం) దించుకుని, టెర్మినల్లో (ఆదేశాలను అక్షరాలుగా కొట్టే కిటికీలో) ఇలా కొడితే చాలు:

ఈస్పీక్-ఎన్‌జీ -వి టీఈ 'అన్నం తిన్నావా'

(ఆదేశాలను ఫోన్లో అవతలివాళ్లకు చెప్పి కొట్టించినట్టు తెలుగులోనే రాశాం. కీబోర్డు మీద అవన్నీ ఇంగ్లిష్‌లో చిన్న ఏబీసీడీలు. ‘టీఈ’ అంటే తెలుగు భాషకున్న రెండక్షరాల కోడు. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాం.)

స్పీకర్లోంచి మాట వచ్చేస్తుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఏదో పాత పత్రికలో వ్యాసమో, ఆఫీసు సర్క్యులరో ఇస్తే సగం మాటలు మింగేస్తుంది, అంకెలు వింతగా చదువుతుంది, ఒక్కోసారి అసలు నోరే విప్పదు. వీటన్నిటికీ మనం పెట్టే పేరు ఒకటే: ‘తెలుగు సరిగ్గా చదవట్లేదు’. నిజానికి ఆ ఒక్క ఫిర్యాదు కింద నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. ఇచ్చిన పాఠం లోపల చెడి ఉండొచ్చు. పాఠం బాగున్నా దాన్ని ఉచ్చారణగా మార్చే నియమాలు తప్పొచ్చు. ఉచ్చారణ సరైనదే అయినా గొంతు నచ్చకపోవచ్చు. అన్నీ బాగుండి, శబ్దం స్పీకరు దాకా చేరకపోవచ్చు. చాలామంది మూడోదాన్ని పట్టుకుని గొంతులు మారుస్తూ కూర్చుంటారు. తప్పు ఎక్కువసార్లు మొదటి రెండింటిలో ఉంటుంది.

గొంతు ఎలా తయారవుతుంది

ఈస్పీక్ మూలం 1995లో జొనాథన్ డడింగ్టన్ ఏకార్న్ కంప్యూటర్ల కోసం రాసిన ‘స్పీక్’ అనే ప్రోగ్రాం. 2015 చివర్లో ఈస్పీక్ నుంచి చీలి వచ్చినదే, ఇక్కడ క్లుప్తంగా ఈస్పీక్ అని కూడా పిలుస్తున్న ఈస్పీక్-ఎన్‌జీ. ఇందులో మనిషి రికార్డు చేసిన పదాలంటూ ఏమీ ఉండవు. నోరు, గొంతు, ముక్కు కలిసి చేసే ప్రతిధ్వనులను లెక్కలతో పుట్టిస్తుంది. అందుకే వందకు పైగా భాషలున్నా కొద్ది ఎంబీల్లో సరిపోతుంది, బటన్ నొక్కీ నొక్కగానే మాట్లాడుతుంది. అందుకే మరమనిషిలా కూడా ఉంటుంది.

ఆ మరగొంతును తీసిపారేయకండి. చూపులేనివాళ్లు వాడే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఈస్పీక్-ఎన్‌జీతో కలిసే వస్తుంది. అలవాటైన చెవులు దాన్ని మామూలు మాట కంటే ఎన్నో రెట్లు వేగంగా పెట్టుకుని వింటాయి. లెక్కలతో పుట్టిన శబ్దం కాబట్టి వేగం పెంచినా అక్షరాలు ఒకదాన్నొకటి మింగవు. సహజంగా వినిపించే గొంతులు అంత వేగంలో ముద్దయిపోతాయి.

రెండో రకం ఫెస్టివల్. ఎడిన్‌బరో యూనివర్సిటీలో పుట్టిన ఈ వ్యవస్థకు డెబియన్‌లో తెలుగు గొంతు ప్యాకేజీ ఉంది. ఒక శబ్దం మధ్య నుంచి పక్క శబ్దం మధ్య దాకా కోసిన రికార్డు ముక్కలను అతికిస్తుంది. అతుకులు వినపడతాయి. చరిత్ర కోసం తప్ప ఇప్పుడు కొత్తగా దీనితో మొదలుపెట్టాల్సిన పని లేదు.

మూడో రకం, నాడీజాలం (న్యూరల్ నెట్‌వర్క్) మీద నడిచే పైపర్. మనిషి గొంతు రికార్డింగులు విని నేర్చుకున్న నమూనా ఇది. నెట్ అక్కర్లేదు, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద కూడా నడుస్తుంది. తెలుగులో మాయ, పద్మావతి, వెంకటేశ్ అనే గొంతులున్నాయి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది: అక్షరాలను శబ్దాలుగా మార్చే పనిని పైపర్ ఈస్పీక్-ఎన్‌జీకే అప్పగిస్తుంది. అంటే ఈస్పీక్ ఒక పదాన్ని తప్పు పలికితే, పైపర్ అదే తప్పును తియ్యటి గొంతుతో పలికే అవకాశం ఎక్కువ. గొంతు మార్చినా తప్పు పోలేదేమని జుట్టు పీక్కునేవాళ్లకు జవాబు ఇదే.

ఈస్పీక్ మరలు తిప్పడం

వేగానికి ‘-ఎస్’. ఏమీ చెప్పకపోతే నిమిషానికి 175 పదాలు. ఈ లెక్క ఇంగ్లిష్ పదాల పొడవు చూసి పెట్టినది. ‘వెళ్లిపోతున్నప్పటికీ’ లాంటివి మన దగ్గర ఒక్క పదమే. కొత్తగా వినేవాళ్లకు 130 నుంచి 140 మధ్య పెడితే హాయిగా ఉంటుంది. శ్రుతికి ‘-పి’, సున్నా నుంచి 99 దాకా, మామూలుగా 50. పదాల మధ్య ఎడానికి ‘-జి’, ఒక్కో అంకె సుమారు 10 మిల్లీసెకన్లు. వృద్ధులకు వినిపించేటప్పుడు వేగం మరీ తగ్గించేకంటే ‘-జి 5’ పెట్టి పదాలను విడదీయడం మేలు, ఎందుకంటే వేగం బాగా తగ్గిస్తే అచ్చులు సాగి పదం గుర్తుపట్టలేకుండా పోతుంది.

ఫైలు చదివించాలంటే ‘-ఎఫ్’ పెట్టి ఫైలు పేరు. స్పీకర్లో కాకుండా వేవ్ ఫైలుగా దాచాలంటే ‘-డబ్ల్యూ’ పెట్టి పేరు.

అన్నిటికంటే పనికొచ్చేది, ఎవరూ వాడనిదీ ‘--ఐపీఏ’ (అంతర్జాతీయ ఉచ్చారణ గుర్తుల పొట్టిపేరు). దానికి ‘-క్యూ’ కలిపితే ఇంజన్ నోరు మూసుకుని, తాను ఆ మాటను ఏ శబ్దాలుగా అర్థం చేసుకుందో తెర మీద రాసి చూపిస్తుంది. పలుకులో తేడా వినిపించినప్పుడు చెవిని నమ్ముకునే బదులు ఇక్కడ చూడాలి. తెర మీద శబ్దాలు సరిగ్గా ఉంటే తప్పు గొంతుది. అక్కడే తప్పుంటే నియమాలది.

కొటేషన్ల దగ్గర ఒక మెలిక. జంట కొటేషన్లు వాడితే బ్యాష్ (టెర్మినల్లో మన ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాం) లోపలి గుర్తులను తన భాషలో చదువుకుంటుంది. డాలరు గుర్తు పక్కన 50 అని రాస్తే, ఐదుని ఏదో చరరాశి పేరనుకుని తీసేస్తుంది, సున్నా ఒక్కటే మిగులుతుంది. ఆశ్చర్యార్థకం ఉంటే పాత ఆదేశాల్లో వెతుకుతుంది. ఒంటి కొటేషన్లు వాడితే ఈ బాధ లేదు. ఇక వాక్యం హైఫన్‌తో మొదలైతే ఇంజన్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. అలాంటి పాఠాన్ని ఫైలుగా ఇవ్వడమే సులువు.

పాఠం లోపల దాగినవి

టెర్మినల్లో ‘ప్రింట్ఎఫ్’తో అన్నం అనే మాటను పంపి, పైపు గుర్తు పెట్టి ‘డబ్ల్యూసీ -సి’ అని కొట్టండి, అది బైట్లు లెక్కపెడుతుంది. 15 అని రావాలి. అ, న, పొల్లు, న, సున్న: ఐదు కోడ్లు. అక్షరాలను ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడు ఒక్కోదానికి మూడు బైట్లు. ఎక్కడినుంచో కాపీ చేసిన ‘అన్నం’కు 18 వచ్చిందంటే కంటికి కనపడని అక్షరం ఏదో లోపల కూర్చుందని అర్థం.

ఎక్కువసార్లు అది పొల్లు తర్వాత వచ్చే శూన్య వెడల్పు విభజకం. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. చూపుకు అది అవసరం, చెవికి అక్కర్లేదు. కొన్ని ఇంజన్లు దాని దగ్గర పదాన్ని రెండుగా విరిచేస్తాయి. చదివించే కాపీలోంచి దాన్ని పూర్తిగా తీసేయొచ్చు. పొల్లు అలాగే ఉంటుంది కాబట్టి ఉచ్చారణ మారదు. అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు.

ఐత్వానిది ఇంకో రహస్యం. ‘ై’ని ఒక్క కోడుగానూ రాయొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. రెండోరకం వస్తే ‘పైన’ను ‘పెన’ అని చదివే ప్రమాదం ఉంది. ‘యూకాన్వ్ -ఎక్స్ ఎన్‌ఎఫ్‌సీ’ గుండా పంపితే అన్నీ ఒక్క రూపానికి వస్తాయి.

వీటన్నిటికంటే పెద్ద గొడవ అను ఫాంట్లది. ఆంధ్ర, తెలంగాణల్లో డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు కంపోజ్ చేశాయి. ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు తెలుగు బొమ్మలు తొడిగారంతే. పీడీఎఫ్ చూస్తే చక్కటి తెలుగు. ‘పీడీఎఫ్‌టుటెక్స్ట్’తో పాఠం బయటికి తీస్తే పిచ్చిగీతలు. ఇంజన్ ఆ గీతలనే నిజాయితీగా చదువుతుంది. దీనికి దారులు రెండే: అను నుంచి యూనికోడ్‌కు (ప్రతి అక్షరానికీ సొంత కోడున్న పద్ధతికి) మార్చే కన్వర్టర్, లేదా పేజీలను 300 డీపీఐ బొమ్మలుగా తీసి టెసరాక్ట్ (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే ప్రోగ్రాం) చేత ‘-ఎల్ టీఈఎల్’ పెట్టి గుర్తుపట్టించడం. రెండో దారిలో వెళ్తే ద-ధ, ప-ష లాంటి చిన్న గీత తేడా ఉన్న అక్షరాల మీద ఒక కన్నేసి ఉంచాలి.

పీడీఎఫ్ నుంచి వచ్చిన పాఠంలో ప్రతి పంక్తీ మధ్యలో తెగి ఉంటుంది. ఈస్పీక్ దీన్ని చాలావరకు సర్దుకుంటుంది. పైపర్ అలా కాదు, ఒక్కో పంక్తిని ఒక్కో విడి మాటగా తీసుకుంటుంది. ఫలితం: ప్రతి పది మాటలకూ వాక్యం అయిపోయినట్టు గొంతు దించడం. పేరా మొత్తం ఒకే పంక్తిగా కలిపి ఇస్తే ఆ రాగం పోతుంది.

అంకెలు, పొట్టి రాతలు

ఆసుపత్రి రసీదులో ఉండేలాంటి వరుస ఒకటి తీసుకుందాం:

డా. లక్ష్మి, ఇం.నం. 4-12/ఎ, పిన్ 500032, ఫీజు రూ. 1,500/-

మనం తడుముకోకుండా చదివేస్తాం. ఇంజన్‌కు ఇది గోతుల రోడ్డు. ‘డా’ తర్వాత చుక్క కనపడగానే వాక్యం ముగిసిందనుకుని ఆగొచ్చు. ‘ఇం.నం.’ను రెండు అర్థం లేని శబ్దాలుగా పలుకుతుంది. పిన్‌కోడును ‘ఐదు లక్షల ముప్పై రెండు’ అంటుంది. లెక్కగా చూస్తే అది తప్పేమీ కాదు, కానీ గచ్చిబౌలి చిరునామా రాసుకుంటున్న మనిషికి అది పనికిరాదు. రైలు నంబర్లదీ అదే కథ. గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను ‘పన్నెండు వేల ఏడు వందల ఇరవై ఏడు’ అని స్టేషన్లో ఎవరూ పిలవరు.

ఏ అంకె సంఖ్య, ఏది నంబరు అన్నది ఇంజన్‌కు తెలిసే దారి లేదు. అది తెలిసింది మనకే. అందుకని చదివించేముందు సెడ్‌తో (పాఠంలో ఒక మాట తీసి ఇంకోటి పెట్టే ఆదేశంతో) ఒక జల్లెడ పట్టాలి. ‘డా.’ను ‘డాక్టర్’ చేయాలి. ‘ఇం.నం.’ను ‘ఇంటి నంబరు’ చేయాలి. పిన్, ఫోను, ఖాతా నంబర్లలో అంకెకూ అంకెకూ మధ్య ఖాళీ పెట్టాలి, అప్పుడు ఒక్కొక్కటిగా చదువుతుంది. ‘రూ.’ ముందు వస్తుంది, నోట్లో ‘రూపాయలు’ వెనక వస్తుంది కాబట్టి స్థానం కూడా మార్చాలి. ‘/-’ను తుడిచేయాలి.

ఈ పనుల వరుస ముఖ్యం. ముందు అంకెల మధ్య కామాలు తీసేయండి. మన కామాలు లక్ష దగ్గర రెండేసి అంకెలకు పడతాయి. మూడేసి అంకెల అలవాటున్న ఇంజన్‌కు 1,50,000 మూడు వేర్వేరు అంకెలుగా కనిపించొచ్చు. కామాలు పోయాక రూపాయల సంగతి, ఆ తర్వాత మిగతావి. వరుస తిరగబడి రూపాయల నియమం ముందు నడిస్తే అది కామా దగ్గరే ఆగి, ‘1 రూపాయలు’ అని రాసి, మిగిలిన 500ను దిక్కులేకుండా వదిలేస్తుంది. ఇంత చేసిన జల్లెడను ఒక ఫైలులో దాచుకుంటే ‘సెడ్ -ఎఫ్’తో ప్రతిసారీ వాడుకోవచ్చు. మన పాఠాల తీరును బట్టి అది నెమ్మదిగా పెరుగుతుంది. యాభై వరుసలకు చేరేసరికి, ఇంజన్ మార్చితే వచ్చే తేడా కంటే దీనివల్ల వచ్చే తేడాయే ఎక్కువ.

రాతకూ పలుకుకూ పొత్తు కుదరని చోట్లు

తెలుగు రాసినట్టే పలుకుతామని గొప్పగా చెప్పుకుంటాం. పూర్తిగా నిజం కాదు. సున్నను చూడండి: అంకెలో ఙ, పంచలో ఞ, పంటలో ణ, పంతులో న, పంపులో మ. రాతలో ఒకటే గుర్తు, నోట్లో ఐదు శబ్దాలు. ఇది పక్క అక్షరాన్ని బట్టి నడిచే నియమం కాబట్టి ఇంజన్‌కు నేర్పొచ్చు.

నేర్పలేనిది చకారం. ‘చిన్న, చెట్టు, చేప’లో చ ఒకలా, ‘చాలా, చుట్టం, చోటు’లో దంతాలకు తగిలి ఇంకోలా పలుకుతుంది. జకారానికీ అంతే, ‘జుట్టు, జాలి’ అని చూడండి. ఇ, ఎ ల ముందు మొదటిది, అ, ఉ, ఒ ల ముందు రెండోది అని నియమం పెట్టేద్దామంటే ‘చంద్రుడు, చక్రం, జలం’ అడ్డొస్తాయి. సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు ఆ నియమం వర్తించదు. ఏ మాట ఎక్కడినుంచి వచ్చిందో రాతలో ఉండదు. దంత్య శబ్దాలకు పూర్వం ౘ, ౙ అని విడి అక్షరాలుండేవి, యూనికోడ్‌లో వాటికి చోటు కూడా ఉంది. కానీ ఇంజన్ వాటిని ఎరిగి ఉండాలి. లేకపోతే ఆ అక్షరం పేరు చదవడమో, ఎగ్గొట్టడమో చేస్తుంది. ముందు ఒక్క పదంతో పరీక్షించి చూడండి. కుదరకపోతే ఈస్పీక్‌లో జంట చదరపు బ్రాకెట్ల మధ్య శబ్దాలను నేరుగా దాని గుర్తుల్లోనే ఇవ్వొచ్చు. ఆ గుర్తులు ‘-ఎక్స్’ ఆప్షన్‌తో తెర మీదకు వస్తాయి.

మధ్యలో ఇంగ్లిష్ లిపిలో మాట వస్తే ఈస్పీక్ దాన్ని ఇంగ్లిష్ నియమాలతో చదువుతుంది. ఒక్కసారిగా వేరే మనిషి మాట్లాడినట్టుంటుంది. ఆ మాటలను ముందే తెలుగు లిపిలోకి మార్చి ఇస్తే గొంతు నిలకడగా ఉంటుంది.

పైపర్, నెట్ గొంతులు, మిగతా మెషిన్లు

పైపర్‌ను పైథాన్ ‘పిప్’తో ‘పైపర్-టీటీఎస్’ పేరున దించుకోవాలి. కొత్త ఉబుంటులో పిప్‌ను నేరుగా నడవనివ్వదు, బయటినుంచి నిర్వహించే వాతావరణం అని ఎర్రజెండా చూపిస్తుంది. ‘పైథాన్3 -ఎం వీఎన్వ్’తో విడి గది ఒకటి కట్టుకుని అందులో పెట్టుకోవాలి. గొంతు అంటే రెండు ఫైళ్లు: సుమారు 60 ఎంబీల ఓఎన్ఎన్ఎక్స్ ఫైలు, అదే పేరు చివర జేసన్ అని ఉండే చిన్న ఫైలు. చాలామంది పెద్దది మాత్రమే దించుకుని, తెరుచుకోవట్లేదని వెనక్కి వస్తారు. వేగానికి ఇక్కడ ‘--లెంగ్త్-స్కేల్’. ఈస్పీక్‌కు తిరగేసిన లెక్క: 1.2 అంటే నెమ్మది, 0.8 అంటే వేగం.

పైపర్ ముడి శబ్దాన్ని ‘ఏప్లే’కు (లినక్స్‌లో శబ్దం మోగించే ఆదేశానికి) పంపేవాళ్లకు ఒక పాత ఉచ్చు. ఏప్లేకు ఏమీ చెప్పకపోతే వచ్చేది సెకనుకు 8000 నమూనాల, 8 బిట్ల శబ్దం అనుకుంటుంది. మధ్యస్థాయి గొంతులు ఇచ్చేది 22050, 16 బిట్లు. ‘-ఎఫ్ ఎస్16_ఎల్ఈ’ (హైఫన్ తర్వాతి ఎఫ్ చిన్నది, ఎస్, ఎల్, ఈ పెద్దవి) మరిచిపోతే గరగరమని హోరు వస్తుంది. అది పెట్టి ‘-ఆర్ 22050’ మరిచిపోతే మాట కుంభకర్ణుడి ఆవులింతలా సాగుతుంది. హోరు వస్తే బిట్ల తప్పు, సాగుడు వస్తే నమూనాల తప్పు.

నెట్ ఉంటే ‘ఎడ్జ్-టీటీఎస్’ అనే పైథాన్ ప్యాకేజీ మైక్రోసాఫ్ట్ వాళ్ల శ్రుతి, మోహన్ గొంతులను తెచ్చిస్తుంది. వినడానికి ఇవే సాఫీగా ఉంటాయి. వేగం తగ్గించేటప్పుడు ‘--రేట్’ తర్వాత సమానం గుర్తు తప్పనిసరి. ఖాళీ వదిలి మైనస్ 10 శాతం అని రాస్తే ఆ మైనస్‌ను కొత్త ఆప్షన్ అనుకుంటుంది. ‘జీటీటీఎస్-సీఎల్ఐ -ఎల్ టీఈ’ గూగుల్ అనువాదం వాడే గొంతును ఇస్తుంది. రెండింటిలోనూ మీ పాఠం మీ మెషిన్ దాటి బయటికి వెళ్తుంది. వైద్య రిపోర్టులు, ఖాతా వివరాలు వీటి చేత చదివించకండి.

మ్యాక్‌లో ‘సే’ అనే ఆదేశం ముందే ఉంటుంది. ‘సే -వి’ పెట్టి ఒంటి కొటేషన్లలో ప్రశ్నార్థకం ఇస్తే గొంతుల జాబితా వస్తుంది. కొత్త మ్యాక్‌లలో తెలుగుకు గీత గొంతు కనిపిస్తుంది. విండోస్ పవర్‌షెల్ నుంచి సిస్టమ్ డాట్ స్పీచ్ ద్వారా పలికించొచ్చు గానీ ఆ పాత వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన తెలుగు గొంతు లేదు. విండోస్‌కూ ఈస్పీక్-ఎన్‌జీ దొరుకుతుంది. అక్కడ పాఠాన్ని ఆదేశంలో కొట్టకుండా యూటీఎఫ్-8 ఫైలులో పెట్టి ‘-ఎఫ్’తో ఇవ్వండి.

శబ్దం దారి తప్పితే

ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరపు సర్వర్లో ఆదేశం కొడితే శబ్దం ఆ సర్వర్లోనే మోగుతుంది, అదీ దానికి స్పీకరుంటే. ‘--ఎస్‌టీడీఅవుట్’ ఆప్షన్‌తో శబ్దాన్ని ఎస్‌ఎస్‌హెచ్ గుండా ఇవతలికి తెచ్చి, మీ మెషిన్లో ఏప్లేకు పైపు చేయాలి. ఇది వేవ్ తలకట్టుతోనే వస్తుంది కాబట్టి పైన చెప్పిన బిట్ల లెక్కలు అక్కర్లేదు. అలా వచ్చిన శబ్దాన్ని ఫైలుగా దాస్తే మాత్రం కొన్ని ప్లేయర్లు నిడివిని గంటల కొద్దీ చూపిస్తాయి. పొడవెంతో తెలియకముందే తలకట్టు రాయాల్సి రావడం దానికి కారణం. ‘-డబ్ల్యూ’తో దాచితే ఈ తేడా రాదు.

ఉదయం ఆరింటికి వార్తలు చదవమని, చెప్పిన వేళకు ఆదేశాలు నడిపే క్రాన్‌లో పెడితే నిశ్శబ్దం. టెర్మినల్లో అదే ఆదేశం చక్కగా పలుకుతుంది. క్రాన్‌కు మీ డెస్క్‌టాప్ శబ్దవ్యవస్థ ఎక్కడుందో తెలియదు. ఎక్స్‌డీజీ_రన్‌టైమ్_డిర్ (అన్నీ పెద్ద అక్షరాలు) అనే చరరాశికి రన్, యూజర్, మీ వినియోగదారు సంఖ్య ఉన్న దారిని ఇవ్వాలి. ఆ సంఖ్య సాధారణంగా 1000. మీరు లాగిన్ అయి ఉండాలి కూడా.

బ్లూటూత్, హెచ్‌డీఎంఐ స్పీకర్లలో మొదటి అక్షరం తెగిపోతే ఇంజన్‌ను తిట్టకండి. నిద్రపోయిన స్పీకరు లేచేలోపు మాట మొదలైపోయింది. ముందు అర సెకను మౌనం చేర్చాలి. ఈస్పీక్‌లో ‘-ఎం’ పెడితే ఎస్‌ఎస్‌ఎంఎల్ (ఎక్కడ ఆగాలో, ఎలా పలకాలో చెప్పే) గుర్తులు అర్థమవుతాయి, మొదట్లో 500 మిల్లీసెకన్ల బ్రేక్ గుర్తు పెడితే సరి.

పుస్తకం మొత్తం చదివించి ఫోన్లో వినాలంటే పరిమాణం చూసుకోవాలి. 22050 నమూనాలు, ఒక్కోటి రెండు బైట్లు, అంటే నిమిషానికి సుమారు 2.6 ఎంబీలు, గంటకు 159. ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్’తో 64 కిలోబిట్ల ఎంపీ3 చేస్తే గంటకు 29 ఎంబీల లోపే, 24 కిలోబిట్ల ఓపస్ చేస్తే 11 లోపే. ఒంటి గొంతుకు ఓపస్ సరిపోతుంది, పాత కారు స్టీరియోలకు మాత్రం ఎంపీ3యే. అధ్యాయాల ఫైళ్లకు 1, 2, 3 అని కాకుండా 01, 02, 03 అని పేర్లు పెట్టండి. లేకపోతే చాలా ప్లేయర్లు ఒకటో అధ్యాయం అవగానే పదోదానికి దూకుతాయి.